జపాన్ డ్రామాల్లో పాలీఅమరీ: మూడింట్లో ఏది మేలు?

దొంగచాటు సంబంధాల కథలకు జపాన్ టీవీలో కరువేమీ లేదు. 2014లో ఫూజీ టీవీలో వచ్చిన ‘హిరుగావొ’ అలాంటిదే, బాగా ఆడింది కూడా. దాపరికం లేకుండా, ఆ సంబంధంతో ముడిపడ్డ అందరూ సరేనన్నాక ఒకరి కంటే ఎక్కువమందిని ప్రేమించడం వేరు. దాన్నే పాలీఅమరీ అంటున్నారు. దాని జోలికి పోయిన డ్రామాలు బహు తక్కువ. నేను ఇక్కడ పక్కపక్కన పెడుతున్నవి మూడు: ‘లాస్ట్ ఫ్రెండ్స్’ (2008), ‘హరేకొన్’ (2022), ‘1122: ఈ ఫూఫు’ (2024; జపనీస్‌లో ‘ఈ ఫూఫు’ అంటే మంచి దంపతులు). ఏది మేలో చెప్పాలంటే కథలు కొంత విప్పక తప్పదు. ముందే తెలియకూడదనుకునేవాళ్లు ఇక్కడే ఆగిపోండి.

ముందు ‘హరేకొన్’ సంగతి తేల్చేద్దాం. ఒసాకాకు చెందిన ఏబీసీ టీవీ వేసింది, మూలం మాంగా, అంటే జపాన్ కామిక్. కొహరు అనే అమ్మాయి (ఏకేబీ48 అనే పాప్ గ్రూపు మాజీ సభ్యురాలు షిమజాకి హరుకా) టోక్యోలో ప్రేమించిన మగాడికి అప్పటికే పెళ్లయిందని తెలిసి, ఇక చాలనుకుని సొంతూరు చేరుతుంది. ఊళ్లో చూస్తే, జనాభా పడిపోతోందని బహుభార్యత్వాన్నే చట్టం చేసి కూర్చున్నారు. ఇద్దరు భార్యలున్న ఒకాయన, నువ్వు మూడో భార్యగా రా అంటాడు. ఊహ గమ్మత్తుగానే ఉంది, దాని వెనకున్న భయమూ అబద్ధం కాదు. ఈ డ్రామా వచ్చిన 2022లోనే జపాన్‌లో పుట్టిన పిల్లల లెక్క మొదటిసారి 8 లక్షల లోపుకు దిగింది.

అయితే ఇది పాలీఅమరీ కాదు, ఒక మగాడి చుట్టూ ముగ్గురు ఆడవాళ్లు. సవతుల మధ్య అలకలు, పంతాలు, వంటింటి రాజీలు మనం పుట్టినప్పటి నుంచీ చూస్తున్నవే. చట్టం మార్చేశాం అని మొదట్లోనే అనేయడంతో అసలు కష్టమంతా ఆవిరైపోయింది. ఎవరిని ఒప్పించాలి, ఎవరికి ఎలా చెప్పాలి, లోకానికి ఏమని చెప్పుకోవాలి అన్న చిక్కుముళ్లను ఊరి కౌన్సిలే విప్పేసింది. నవ్వుకోవడానికి పనికొస్తుంది, అంతకు మించి ఆశించొద్దు. ఒక అమ్మాయి, ఇద్దరు అబ్బాయిల వరస కావాలంటే 2025లో టీబీఎస్ ఛానల్‌లో వచ్చిన ‘సన్నిన్ ఫూఫు’ ఉంది.

‘1122’ దగ్గర మాత్రం నిలబడి చూడాలి. ప్రైమ్ వీడియో కోసం తీసిన ఏడు ఎపిసోడ్ల డ్రామా. వతానబె పెకో మాంగాకు ఇమాయిజుమి కఓరి స్క్రీన్‌ప్లే రాస్తే, ఆమె భర్త ఇమాయిజుమి రికియా డైరెక్ట్ చేశాడు. దంపతుల కథను దంపతులే చేశారన్నమాట. ఇచికో వెబ్ డిజైనర్, ఆమె భర్త ఒతోయా స్టేషనరీ కంపెనీలో ఉద్యోగి. పెళ్లయి ఏడేళ్లు, పిల్లల్లేరు. ఇద్దరూ స్నేహితుల్లా కబుర్లు చెప్పుకుంటారు, పడక మాత్రం ఎప్పుడో ఆగిపోయింది. కాపురం నిలవాలంటే ఇదే దారి అనుకుని ఒక ఒప్పందానికి వచ్చారు: బయట ప్రేమించుకోవచ్చు, అనుమతి తీసుకుని. ఒతోయాకు ఇకెబానా (జపాన్ పూల అమరిక) క్లాసులో మిత్సుకి పరిచయమైంది. నెలలో మూడో గురువారం రాత్రి అతను ఆమె సొంతం. ఆ రాత్రి మొగుడు ఎక్కడున్నాడో ఇచికోకు తెలుసు, ఎవరితో ఉన్నాడో తెలుసు, తెల్లారితే మళ్లీ మామూలుగా పలకరించుకోవాలనీ తెలుసు. (ఒక తికమక: ఇచికోగా వేసిన నటి పేరు తకహాతా మిత్సుకి. కథలోని మిత్సుకిగా వేసింది నిషినో నానాసే. మొదటి ఎపిసోడ్‌లో ఎవరికైనా తల తిరుగుతుంది.)

చూడ్డానికి అంతా పద్ధతిగానే ఉంది. అడిగాడు, ఆమె ఒప్పుకుంది, రోజు కూడా ఖాయం చేసుకున్నారు. మరి మిత్సుకి మొగుణ్ణి ఎవరడిగారు? మిత్సుకికి కూడా పెళ్లయింది. భర్త షిరో, ఎదుగుదల విషయంలో బెంగపెడుతున్న ఓ చిన్న కొడుకు. ఇంటి బరువంతా ఆమె మీదే వేసి షిరో తన పని తాను చూసుకుంటాడు, అందుకే అతని మీద మనకు జాలి కలగదు. కానీ జాలి వేరు, అనుమతి వేరు. ఆ నలుగురిలో సంగతి తెలిసినవాళ్లు ముగ్గురే, నాలుగోవాడికి ఇది నికార్సయిన మోసం. ఒతోయా మంచివాడే, మాట మెత్తన, భార్య దగ్గర ఏదీ దాచడు. ఒక ఇంట్లో అంత నిజాయితీగా ఉండే మనిషి ఇంకో ఇంటికి దొంగదారిన వెళ్తున్నాడు. చాలా కథలు ‘భార్య ఒప్పుకుంది’ దగ్గరే చేతులు దులిపేసుకుంటాయి. ఈ డ్రామా అక్కడ ఆగకుండా షిరో గుమ్మం దాకా వెళ్లింది.

ఇచికో వైపు కూడా లెక్క తేలదు. కొన్నాళ్లకు ఆమె ఆడవాళ్ల కోసమే ఉన్న సర్వీసుకు డబ్బు కట్టి ఒక కుర్రాడి దగ్గరికి వెళ్తుంది. ఆ ఘట్టాన్ని తప్పుగా చూపించలేదు, అలాగని పండగలానూ చేయలేదు. డబ్బిచ్చి కొనుక్కున్న మంచితనం ముందు ఆమె మొహమాటం, దాంతోపాటే ఆమెకు దొరికిన ఊరట రెండూ కనబడతాయి. ఒకరికి ప్రేమ, ఇంకొకరికి అపాయింట్‌మెంట్ అన్న తేడా కూడా అక్కడే తెలుస్తుంది. వెలితిని నింపుకోవడానికి మొదలుపెట్టిన ఏర్పాటు, ఆ వెలితి ఎంతో ఇద్దరికీ కొలిచి చూపించింది.

జపాన్ చట్టం తెలిస్తే షిరో సంగతి ఇంకా పదునెక్కుతుంది. అక్కడ వివాహేతర సంబంధం 1947 నుంచీ నేరం కాదు. కానీ అది విడాకులకు కారణమవుతుంది, మోసపోయిన భార్యో భర్తో అవతలి మనిషి మీద కూడా నష్టపరిహారానికి దావా వేయొచ్చు. అంటే ఇచికో ఇచ్చిన అనుమతి షిరో ముందు ఒతోయాకు ఎందుకూ కొరగాదు. ఇక రెండో పెళ్లంటారా, సివిల్ కోడ్ 732వ అధికరణం ఒప్పుకోదు, చేసుకుంటే రెండేళ్ల దాకా శిక్ష. ‘హరేకొన్’ ఒక్క డైలాగుతో ఎగరేసిన గోడ ఇదే.

ఇంకో చిన్న ముచ్చట. ఈ డ్రామాలో విసిగిపోయిన మొగుడూపెళ్లాలుగా చేసిన తకహాతా మిత్సుకి, ఒకాదా మసాకి 2024 నవంబరు 22న తమ పెళ్లి కబురు నిజంగానే ప్రకటించారు. జపాన్‌లో 11/22ను మంచి దంపతుల రోజు అంటారు, డ్రామా పేరులోని అంకెలూ అవే.

మరి ‘లాస్ట్ ఫ్రెండ్స్’ ఈ వరసలోకి ఎందుకొచ్చినట్టు? ఫూజీ టీవీ గురువారం రాత్రి పది గంటలకు వేసిన డ్రామా ఇది, పాలీఅమరీ అన్న మాటే ఇందులో వినబడదు. మిచిరును ఆమె ప్రియుడు సోసుకె చితకబాదుతుంటాడు. మోటోక్రాస్ బైక్ రేసులు చేసే అమ్మాయి రుకా మనసంతా మిచిరు మీదే, ఆ సంగతి పైకి అనలేదు. మేకప్ ఆర్టిస్టు తకేరు రుకాను ప్రేమిస్తాడు, ఆమె నుంచి బదులు రాదని అతనికీ తెలుసు. ఎవరి ప్రేమా ఎదుటివాళ్లకు ఆనలేదు. అయినా చివరికి, సోసుకె చనిపోయాక, అతని బిడ్డను కన్న మిచిరుతో కలిసి రుకా, తకేరు ఒకే ఇంట్లో ఉండి ఆ పాపను పెంచాలనుకుంటారు. భార్య ఎవరు, భర్త ఎవరు, ఎవరు ఎవరి జంట అన్నదానికి డ్రామా జవాబు చెప్పదు, చెప్పాల్సిన అవసరం ఉందనీ అనుకోదు.

నా లెక్కలో ముగ్గురు కలిసి నిజంగా ఇల్లు కట్టుకున్న కథ ఇదొక్కటే. కాకపోతే ఆ ఇంట్లోకి పడకగది రానివ్వలేదు. ఎవరికీ ఎవరితోనూ శరీర సంబంధం లేదు కాబట్టే 2008లో ఆ ముగింపు ప్రైమ్ టైములో సాఫీగా వెళ్లిపోయి ఉంటుంది. మూడూ పక్కన పెడితే కనబడేది ఇదే: ముగ్గురిని ఒకే కప్పు కింద ఉంచాలంటే పడక తీసేస్తారు, పడక ఉంచాలంటే ఊళ్లో లేని చట్టం తెస్తారు, రెండూ చేయకపోతే ‘1122’లా కాపురం ఒరుసుకుపోవడం చూపిస్తారు. ముగ్గురూ ఒప్పుకుని, ముగ్గురూ ప్రేమించుకుని, కరెంటు బిల్లు ఎవరు కట్టాలని గొడవపడే మామూలు సోమవారం ఈ మూడింట్లోనూ లేదు.

ఒకటే చూసే ఓపిక ఉంటే ‘1122’ చూడండి. పాలీఅమరీని గెలిపించే కథ కాదు గానీ, అనుమతి అంటే ఎవరి అనుమతి అని సూటిగా అడిగింది అదొక్కటే. ఏడు ఎపిసోడ్లే, రెండు రాత్రుల పని. ఇంటిల్లిపాదితో కూర్చుని చూడ్డానికి మాత్రం బాగుండదు. ‘లాస్ట్ ఫ్రెండ్స్’ నిడివి ఎక్కువ, సోసుకె చేతి దెబ్బలు చూడ్డం తేలిక కాదు, ఇంట్లో అలాంటివి అనుభవించినవాళ్లయితే ఇంకా కష్టం. అది తట్టుకోగలిగితే దాని ముగింపు కోసమైనా చూడాల్సిందే. ‘హరేకొన్’ ఒక ఎపిసోడ్ పెట్టి చూడండి, నవ్వు రాకపోతే రెండోది అక్కర్లేదు.