స్టిక్కర్ చూసి పసిబిడ్డను అంబులెన్స్ ఎక్కించకండి

పురిటి బిడ్డనో, సీరియస్‌గా ఉన్న చిన్నపిల్లలనో ఒక ఆసుపత్రి నుంచి ఇంకో ఆసుపత్రికి మార్చడానికి ప్రైవేటు అంబులెన్స్ మాట్లాడుకునేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. బండి మీద 'ఎన్‌ఐసీయూ (పురిటి బిడ్డల ఐసీయూ) అంబులెన్స్' అని ఎంత పెద్ద అక్షరాలతో రాసి ఉన్నా సరే, లోపల ఏముందో, వెంట ఎవరొస్తున్నారో తేల్చుకోకుండా బిడ్డను ఇవ్వకండి.

మా అక్కకు నెలలు నిండకుండానే కాన్పయింది. బాబు కిలోన్నర కూడా లేడు. ఊపిరి తీసుకోవడం కష్టంగా ఉందని సీప్యాప్ (ముక్కు ద్వారా ఒత్తిడితో గాలి పంపే యంత్రం) మీద పెట్టి, ఇంకా పెద్ద ఎన్‌ఐసీయూకి మార్చాలన్నారు. బావ ఫోన్ చేస్తే అవతల అన్నిటికీ ఒకటే జవాబు: "ఉంది సార్." ఇంక్యుబేటర్ (బిడ్డను వెచ్చగా ఉంచే పెట్టె) ఉంది, వెంటిలేటర్ ఉంది, పిల్లల డాక్టర్ వెంట వస్తారు, మీరేం టెన్షన్ పడకండి. అడ్వాన్సు పడేదాకా ఫోన్ పెట్టనివ్వలేదు.

తీరా బండి వచ్చాక చూస్తే పేరు గొప్ప, ఊరు దిబ్బ. ఇంక్యుబేటర్ ఉన్నమాట నిజమే. లోపల చెయ్యి పెడితే పరుపు చల్లగా తగిలింది. బ్యాటరీలో చార్జింగ్ లేదట, బండి స్టార్ట్ చేశాక అదే వేడెక్కుతుందట. పసిబిడ్డ ఒంటి వేడి 36.5 నుంచి 37.5 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి. ఒళ్లు చల్లబడితే బిడ్డకు ఆక్సిజన్ ఎక్కువ కావాల్సి వస్తుంది, షుగర్ పడిపోతుంది. అసలే ఊపిరాడని బిడ్డకు ఆ రెండూ ప్రాణం మీదికి తెస్తాయి. అందుకే ఇంక్యుబేటర్ ముందే వేడెక్కి రావాలి.

డాక్టరన్న మనిషి డాక్టర్ కాదు, టెక్నీషియన్. ఎన్‌ఐసీయూ సిస్టర్ అతని చేత కిట్ తెరిపించింది. అందులో ఉన్నది ఒకే ఒక్క అంబు బ్యాగ్ (చేత్తో నొక్కి ఊపిరితిత్తుల్లోకి గాలి పంపే సంచి), అదీ పెద్దవాళ్లది. ఆవిడ దాన్ని పైకెత్తి చూపించి, "దీన్ని ఒక్కసారి గట్టిగా నొక్కావంటే ఈ బిడ్డ ఊపిరితిత్తికి చిల్లు పడుతుంది బాబూ. పసిపిల్లలది లేదా నీ దగ్గర?" అంది. అతను డ్రైవర్ వంక చూశాడు. డ్రైవర్ ఫోన్ వంక చూసుకున్నాడు. పురిటి బిడ్డ ఒక్కో శ్వాసకు పీల్చే గాలి కిలో బరువుకు 4 నుంచి 6 మిల్లీలీటర్లు. మా వాడికైతే పది మిల్లీలీటర్లు కూడా అక్కర్లేదు. ఆ బ్యాగులో పట్టేది లీటరు పైమాటే. పల్స్ ఆక్సిమీటర్ కూడా పెద్దవాళ్ల వేలికి పెట్టే క్లిప్పే. పసివాళ్లకు పాదానికో అరచేతికో చుట్టే ప్రోబ్ కావాలి. అది లేకపోతే దారిలో శాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం) పడిపోయినా తెలియదు, ఆక్సిజన్ ఎక్కువైనా తెలియదు. ఎక్కువైతే మంచిదేగా అనుకోకండి. నెలలు నిండని పిల్లలకు దానివల్ల కళ్లు దెబ్బతినే ప్రమాదం ఉంది.

సిస్టర్ బిడ్డను ఇవ్వనని తెగేసి చెప్పింది. డ్యూటీ డాక్టరూ ఆవిడ మాటే సమర్థించారు. ఇక బిల్లు గొడవ మొదలైంది. వెయిటింగ్ చార్జీ వేశారు, పైగా 'డాక్టర్ ఫీజు' అట! ఆ డాక్టర్ పేరు, రిజిస్ట్రేషన్ నంబర్ బిల్లు మీదే రాసివ్వమంటే మాత్రం పెన్ను కదల్లేదు. అడ్వాన్సు తిరిగి రానేలేదు.

చివరికి బాబును చేర్చుకునే ఆసుపత్రివాళ్లే తమ టీమ్‌ను పంపారు. వాళ్లు రాగానే బిడ్డను ఎత్తుకుని పరిగెత్తలేదు. షుగర్ చూశారు, ఎక్స్‌రే చూశారు, సెలైన్ లైన్ సరిగ్గా ఉందో లేదో చూశారు. బావ బయట "ఇంకా కదలరేంటి" అని ఒకటే గింజుకున్నాడు. కానీ కుదిపే బండిలో ఆ పనులేవీ సవ్యంగా జరగవు, అందుకే బిడ్డ కాస్త కుదుటపడ్డాకే బయల్దేరతారు. సైరన్ వేసి ఇట్టే చేర్చేస్తామని గొప్పలు చెప్పేవాళ్లు నాకైతే ఇప్పుడు అనుమానంగానే కనిపిస్తారు. బాబు క్షేమంగా చేరాడు, ఇప్పుడు బాగున్నాడు.

కాబట్టి అందరికంటే ముందు చేర్చుకునే ఆసుపత్రినే అడగండి, వాళ్లకు సొంత ట్రాన్స్‌పోర్ట్ టీమ్ ఉందేమో. బెడ్ ఉందన్న మాట కూడా రెండు ఆసుపత్రుల డాక్టర్లు నేరుగా మాట్లాడుకుని ఖాయం చేసుకోవాలి. లేదూ, బయటి అంబులెన్సే గతి అంటే, బిడ్డ బరువు, ఏ సపోర్ట్ మీద ఉందో చెప్పి, ఇంత చిన్న బిడ్డకు ఊపిరి కోసం గొట్టం వేయడం వచ్చినవాళ్లు వస్తున్నారా అని సూటిగా అడగండి. మందులు చుక్క లెక్కన కాకుండా కొలిచి ఎక్కించే సిరంజి పంప్ ఉండాలి. ఆక్సిజన్ లెక్క మీరే వేయండి. నిమిషానికి 5 లీటర్లు, గంట ప్రయాణం అంటే 300 లీటర్లు. ట్రాఫిక్‌లో ఇరుక్కోవచ్చు, కనీసం దానికి రెట్టింపు ఉండాలి. సిలిండర్ మీటర్ చూపించమనండి. బండి బయల్దేరకముందే ఇంక్యుబేటర్ ఆన్ చేసి, డిస్‌ప్లే మీద టెంపరేచర్ కనిపించేలా ఫొటో పంపమనండి. ఆ రోజు రెండో అంబులెన్స్ కంపెనీకి ఫోన్ చేసి అదే అడిగితే, అవతలి మనిషి మారు మాట్లాడకుండా ఫోన్ పెట్టేశాడు.