కరెంటు గురించి భయపడ్డాను, ఎండ గురించి ఆలోచించలేదు: ఇంక్యుబేటర్‌తో రెండున్నరేళ్లు

కరెంటు పోతే గుడ్ల సంగతేంటి? గుడ్లు పొదిగే మిషన్, అంటే ఇంక్యుబేటర్ కొనాలా వద్దా అని అడిగేవాళ్లందరూ ముందు ఈ మాటే అంటారు. కొనేటప్పుడు నా టెన్షన్ కూడా అదే. మాది ఏలూరు దగ్గర పల్లెటూరు. ఇంట్లో 15 దాకా నాటుకోడి పెట్టలు, 2 పుంజులు ఉన్నాయి. మిషన్ 48 గుడ్లది, గుడ్లను అదే తిప్పుతుంది. పిల్ల రావడానికి 21 రోజుల లెక్క, లోపల 37.7 డిగ్రీల వేడి, 18వ రోజున తిప్పడం ఆపి తేమ పెంచడం అందరికీ తెలిసినవే. వాటి జోలికి వెళ్లను.

మొదటిసారి జనవరిలో వేశాను. 9వ రోజున ఐదు గంటలు కరెంటు లేదు. మూత తీయకుండా మిషన్ మీద రెండు దుప్పట్లు కప్పి కూర్చున్నాను. లోపల వేడి బాగా తగ్గింది. అయినా 36 పిల్లలయ్యాయి. గుల్ల పగలకముందే లోపలి నుంచి కిచకిచలు వినిపించిన ఆ రాత్రి నేను నిద్రపోలేదు. ఆ సంతోషంలో చుట్టాలందరికీ కొనుక్కోమని చెప్పాను. మా పెద్దాడపడుచు నా మాట మీదే కొన్నది.

ఆ మాట ఇప్పుడు కొంచెం సవరించుకోవాలి.

మే నెలలో మళ్లీ 48 వేశాను. మిషన్ ఉన్నది వెనక రేకుల గదిలో. పది రోజుల పాటు పోగుచేసిన గుడ్లు వంటింటి వేడిలో ఉండటం వల్లనేమో, 7వ రోజు టార్చి పెట్టి చూస్తే 14 గుడ్లలో ఏమీ లేదు. మిగిలిన 34 బాగున్నాయి, ఎర్రటి నరాలు స్పష్టంగా కనిపించాయి. 16వ రోజున పక్క ఊళ్లో పెళ్లికి వెళ్లి సాయంత్రం నాలుగింటికి వచ్చేసరికి వీధిలోకే అలారం వినిపిస్తోంది. తెర మీద 40.4. హీటర్ లైటు ఆరిపోయే ఉంది. మిషన్ ఏ తప్పూ చేయలేదు. గదిలోనే 41 డిగ్రీలుంటే అది ఏం చేయగలదు? దానికి వేడి చేయడం వచ్చు కానీ చల్లార్చడం రాదు. పైగా రెండు వారాలు దాటాక లోపలి పిల్లలు కూడా సొంతంగా వేడి పుట్టిస్తాయి. పెట్టెలో అన్నీ దగ్గర దగ్గరగా ఉంటాయి కదా, ఆ వేడి కూడా తోడైంది.

మర్నాడు మళ్లీ టార్చి పెట్టాను. ఆ వయసు గుడ్డు లోపలంతా నల్లగా నిండిపోయి, గాలి ఉండే వైపు అంచున చిన్న కదలిక కనిపించాలి. తొమ్మిది గుడ్లలోనే కనిపించింది. చివరికి నాలుగు పిల్లలయ్యాయి. 23వ రోజు మిగిలినవి పగలగొట్టి చూస్తే ఈకలు కూడా వచ్చిన పిల్లలు ముడుచుకుని ఉన్నాయి. అవి ఇప్పటికీ నా కళ్ల ముందు నుంచి పోవడం లేదు. అదే నెలలో పశువుల పాకలో గంప కింద కూర్చున్న మా నల్ల పెట్ట 10 గుడ్లకు 7 పిల్లల్ని లేపింది. మా అత్తయ్య ముందే అన్నారు, "రోహిణి కార్తె వస్తుంటే ఎవరైనా పొదగేస్తారా అమ్మా" అని.

చలి పిల్లను ఆలస్యం చేస్తుంది, వేడి చంపేస్తుంది. కొనేముందు ఇది నాకు ఎవరూ చెప్పలేదు. అమ్మినతను ఇన్వర్టర్ గురించి గంటసేపు మాట్లాడాడు కానీ మిషన్ ఏ గదిలో పెడతారని ఒక్కసారి కూడా అడగలేదు. ఆ కోపం నాకు ఇంకా ఉంది.

ఇప్పుడు డాబా కింద లోపలి గదిలో, ఉత్తరం గోడ పక్కన నేల మీద పెడుతున్నాను. అక్టోబరు నుంచి ఫిబ్రవరి వరకే వేస్తాను. గుడ్లు వారం లోపువి అయితేనే పెడతాను. లోపల గుడ్ల పక్కన జ్వరం చూసే థర్మామీటర్ పెట్టి తెర మీద అంకె సరిచూస్తాను, థర్మామీటర్‌లో 99.5 నుంచి 100 ఫారెన్‌హీట్ మధ్య ఉండాలి. ఈ పద్ధతిలో ప్రతిసారీ 30 పైనే వస్తున్నాయి.

పిల్లలయ్యాక పని ఇంకా ఎక్కువ. పెట్ట ఉంటే రెక్కల కింద పెట్టుకుంటుంది, ఇక్కడ బల్బు కింద మనమే చూసుకోవాలి. కొక్కెర తెగులు రాకుండా వారం లోపు లసోటా టీకా చుక్కలు వేయాలి. సీసా తెరిస్తే ఆ పూటే వాడెయ్యాలి, 30 పిల్లలకైనా పెద్ద సీసానే కొనాలి. పుట్టినవాటిలో సగం పుంజులే అవుతాయి. సంక్రాంతికి అమ్ముకునే మాకు అది ఇబ్బంది కాదు, గుడ్ల కోసమే పెంచేవాళ్లకు మాత్రం ఇబ్బందే.

నేను రోజంతా ఇంట్లోనే ఉంటాను, డాబా ఉంది, చూడటానికి అత్తయ్య ఉన్నారు. కాబట్టి నాకు ఇది పనికొచ్చింది. ఆడపడుచుది మాత్రం మొత్తం రేకుల ఇల్లు. కొనమని చెప్పినప్పుడు ఆ సంగతే నాకు తట్టలేదు. మొన్న ఫోన్ చేసి, "ఫిబ్రవరి దాటాక వేయకండి వదినా, అంతకీ వేయాలనిపిస్తే మీ నాలుగు పెట్టల కిందే వేయండి" అని చెప్పాను. మిషన్ వెనక్కి ఇచ్చేయనా అని అడిగారు. ఈ చలికాలం ఒక్కసారి వేసి చూడమన్నాను.