మొదటిసారి బుష్ క్యాంపింగ్: కారవాన్ పార్కా, కుక్స్ మిల్లా, ఫ్రీ ఫారెస్ట్ సైటా?

మార్చి దగ్గర పడుతోందంటే మెల్‌బోర్న్‌లో మనవాళ్ళ నుంచి నాకు వచ్చే ప్రశ్న ఒకటే. "పిల్లల్ని తీసుకుని ఒక వీకెండ్ టెంటు వేసుకుందాం అనుకుంటున్నాం. కారవాన్ పార్కు బుక్ చేసుకోమంటారా, పార్క్స్ విక్టోరియా (రాష్ట్రంలో ప్రభుత్వ పార్కులు చూసుకునే సంస్థ) వాళ్ళ క్యాంప్‌గ్రౌండా, లేకపోతే అడవిలో ఫ్రీగా దిగే చోటా?" టెంటు ఎలా వేయాలి, స్లీపింగ్ బ్యాగు ఏది కొనాలి అన్నవాటి మీద వీడియోలు బోలెడున్నాయి, వాటి జోలికి పోను. చోటు సంగతే చెప్తాను. మూడు రకాలూ ఒకే ప్రాంతంలో ఉంటే పోల్చడం తేలిక. అందుకని హీల్స్‌విల్ దాటి, బ్లాక్ స్పర్ ఘాట్ దిగాక వచ్చే మేరీస్‌విల్, బక్స్‌టన్, టాగర్టీ వైపు తీసుకుంటున్నాను. సిటీ నుంచి సుమారు 100 కిలోమీటర్లు. సిటీకి పశ్చిమాన ఉన్న టార్నీట్, పాయింట్ కుక్ నుంచి బయల్దేరేవాళ్ళు ఇంకో ముప్పావు గంట కలుపుకోవాలి.

మొదటిది మేరీస్‌విల్‌లో కారవాన్ పార్కు. ఊళ్ళోనే, స్టీవెన్‌సన్ నది పక్కన. పవర్ సైటు తీసుకుంటే కరెంటు, వేణ్ణీళ్ళ షవర్లు, ఫ్లష్ టాయ్‌లెట్లు, క్యాంప్ కిచెన్ అన్నీ ఉంటాయి. రెండోది పార్క్స్ విక్టోరియా వాళ్ళది, కెథీడ్రల్ రేంజ్ స్టేట్ పార్కులో కుక్స్ మిల్. ఒకప్పటి రంపపు మిల్లు ఉన్న చోటు, లిటిల్ రివర్ ఒడ్డు, పైన కత్తి అంచులా నిలబడిన రాతి శిఖరాల వరస. ముందే బుక్ చేసుకోవాలి. నీళ్ళు లేని టాయ్‌లెట్లు, నిప్పు పెట్టుకోవడానికి కట్టిన పొయ్యిలు, అంతే. మూడోది స్టేట్ ఫారెస్ట్. అక్కడికి దగ్గర్లోనే ఉన్న రూబికాన్ అడవిలో నది పక్కన టెంటు వేసుకునే చోట్లున్నాయి. డబ్బు కట్టక్కర్లేదు, ఎవరు ముందొస్తే వాళ్ళది. విక్టోరియాలో ఇలాంటి ఫారెస్ట్ సైట్లు చాలావాటిలో టాయ్‌లెట్ కూడా ఉండదు.

వీటిని పోల్చేటప్పుడు అందరూ ముందు ఖర్చు చూస్తారు, తర్వాత పాముల గురించి అడుగుతారు. నన్నడిగితే అసలు తేల్చాల్సింది నీళ్ళ సంగతి. ట్యాపు ఉందా, లేకపోతే మనం ఎంత మోసుకెళ్ళగలం అన్నది తేలిపోతే మీకు ఏ చోటు సరిపోతుందో దాదాపు తేలిపోయినట్టే.

ఎందుకంటే మన వంటకీ మన అలవాట్లకీ నీళ్ళు ఎక్కువ కావాలి. ఇక్కడివాళ్ళు సాసేజీలు కాల్చి బ్రెడ్డులో చుట్టుకుని తినేస్తే కడగాల్సింది ఒక్క పటకారు. మనం బియ్యం కడగాలి, వండాలి, పప్పు అడుగంటిన కుక్కరు తోమాలి, ఉదయం ఉప్మా గిన్నె, సాయంత్రం టీ గిన్నె. టాయ్‌లెట్‌కి వెళ్ళినా చెంబు నీళ్ళు లేకపోతే పెద్దవాళ్ళకి ప్రాణం ఒప్పదు. కుక్స్ మిల్ లాంటి చోట తాగేందుకు శుద్ధి చేసిన నీళ్ళు ఇచ్చే ట్యాపు ఉండదు. ఫారెస్ట్ సైటులో సంగతి చెప్పనే అక్కర్లేదు.

లెక్క వేసి చూడండి. నలుగురున్న కుటుంబం, శుక్రవారం సాయంత్రం నుంచి ఆదివారం మధ్యాహ్నం దాకా. తాగడానికి మనిషికి రోజుకు 3 లీటర్లు అనుకుంటే రెండు రోజులకి 24. వంటకి, టీలకి ఓ 10. గిన్నెలకి, చేతులకి, చెంబుకి ఇంకో 15. మంట ఆర్పడానికి 10 లీటర్లు పక్కనుండాలి, దాని గురించి కింద చెప్తాను. మొత్తం 60కి కాస్త తక్కువ, అంటే 20 లీటర్ల జెర్రీ క్యాన్లు మూడు. ఒక్కోటి 20 కిలోల పైమాటే. టెంటు, పరుపులు, దుప్పట్లు, ఎస్కీ (తిండి చల్లగా ఉంచే ఐస్ పెట్టె) సర్దాక చిన్న హ్యాచ్‌బ్యాక్‌లో ఇవి పట్టవు, పట్టినా వెనక టైర్లు కుంగుతాయి. కారు చిన్నదైతే రెండు కుటుంబాలు కలిసి వెళ్ళి సామాను పంచుకోండి. క్యాన్లు డిక్కీలో అడుగున, వెనక సీటుకి ఆనించి పెట్టాలి. మూతకి ట్యాపు బిగించే రకమైతే పిల్లలు కూడా చేతులు కడుక్కోగలరు, ఒలికిపోదు.

ఈ లెక్కని తగ్గించే దారులున్నాయి. బియ్యం ఇంట్లోనే కడిగి, గుడ్డ మీద ఆరబెట్టి డబ్బాలో పోసుకోండి. శుక్రవారం రాత్రికి పులిహోర కలిపి తీసుకెళ్తే ఆ పూట వంటా లేదు, తోమడమూ లేదు. తాగే నీళ్ళలో నాలుగైదు సీసాలు ఫ్రీజర్లో గడ్డ కట్టించి ఎస్కీలో పెడితే వేరే ఐస్ కొనక్కర్లేదు. శనివారం చికెన్ అయ్యేదాకా అవి చల్లగా ఉంచుతాయి, ఆదివారానికి కరిగి తాగడానికి పనికొస్తాయి. పళ్ళేల్లో మిగిలిన కూర ముందు పేపర్ టవల్‌తో తుడిచేసి, ఆ తర్వాత ఒక బేసిన్‌లో సబ్బు నీళ్ళు, ఇంకో బేసిన్‌లో మంచి నీళ్ళు పెట్టుకుంటే ఐదు లీటర్లలో అందరి గిన్నెలూ అయిపోతాయి. మంట ఆర్పే నీళ్ళు బకెట్టుతో నదిలోంచి తెచ్చుకోవచ్చు, అక్కడ ఒక సగం క్యాను బరువు తగ్గుతుంది. తాగడానికి మాత్రం నది నీళ్ళు ఎంత తేటగా కనిపించినా మరగకాచకుండా వద్దు, పైన పశువులూ అడవి జంతువులూ తిరిగే నీళ్ళవి. సబ్బు బేసిన్ తీసుకెళ్ళి నదిలో ఒంపొద్దు, గట్టుకి బాగా దూరంగా నేల మీద చల్లేయండి.

ఇదంతా చదివితే కారవాన్ పార్కే హాయి కదా అనిపిస్తుంది. ఒక రకం కుటుంబానికి నిజంగానే హాయి. ఇండియా నుంచి అత్తమామలో, అమ్మానాన్నలో వచ్చి ఉన్నా, నెలల పాప ఉన్నా ఇంకో ఆలోచన లేకుండా అక్కడికే వెళ్ళండి. మోకాళ్ళ నొప్పులున్న అమ్మ రాత్రి రెండింటికి లేస్తే, టార్చిలైటు పట్టుకుని రాళ్ళ మీద నడిచి గుంట టాయ్‌లెట్‌కి వెళ్ళమనడం న్యాయం కాదు. పార్కులో లైటు ఉంటుంది, సిమెంటు దారి ఉంటుంది, పొద్దున్నే వేణ్ణీళ్ళ స్నానం ఉంటుంది. పగలు 84 మీటర్ల ఎత్తు నుంచి పడే స్టీవెన్‌సన్ జలపాతానికి తీసుకెళ్తే వాళ్ళకీ సంబరమే.

కానీ ఆ ట్యాపుతో పాటు ఇంకా కొన్ని వస్తాయి. పక్క సైటు వాళ్ళ టీవీ వెలుగు మన టెంటు గుడ్డ మీద పడుతుంది. కారు తలుపులు అర్ధరాత్రి దాకా టపటపలాడుతూనే ఉంటాయి. పిల్లలు ప్లేగ్రౌండు వదిలి రారు. ఇంటి దగ్గర పార్కులో ఆడుకునే ఆటే ఇక్కడా ఆడతారు. చాలాచోట్ల సైటు పక్కన మంట వేసుకోనివ్వరు. లాంగ్ వీకెండ్‌కైతే కనీసం రెండు మూడు రాత్రులు బుక్ చేయమంటారు, రేటు కూడా కుక్స్ మిల్ కంటే బాగా ఎక్కువ.

అందుకే నడవగలిగే పిల్లలు, ఓపికున్న పెద్దలు అయితే నా ఓటు కుక్స్ మిల్‌కే. అక్కడ రాత్రి పదింటికి మాటలు సద్దుమణిగాక టెంటు బయట కరకరమని గడ్డి కొరుకుతున్న చప్పుడు వినిపిస్తే కంగారు పడొద్దు, అది వాంబ్యాట్ మేయడం, చిన్న ఎలుగు పిల్లలా బొద్దుగా ఉండే ఇక్కడి జంతువు. దాని దారిన అది పోతుంది, మీరు కదలకుండా జిప్పు సందులోంచి పిల్లలకి చూపించండి. తిండి మాత్రం ఒక్కటి కూడా బయట వదలకుండా కారులో పెట్టాలి, రాత్రిళ్ళు చెట్లు దిగి వచ్చే పాసమ్‌లు అనే చిన్న జంతువులు డబ్బా మూతలు తీయడంలో ఆరితేరినవి. పొద్దున కూకబరా పిట్టల నవ్వులాంటి కూతతో మెలకువ వస్తుంది. పట్టపగలే అవి పళ్ళెంలోంచి చికెన్ ముక్క ఎత్తుకుపోగలవు కాబట్టి చిన్నపిల్లలు తినేటప్పుడు పక్కనే ఉండండి. నడకకి నది వెంబడి నెడ్స్ గల్లీ వైపు దారి పిల్లలకి సరిపోతుంది. షుగర్‌లోఫ్ శిఖరం దారిలో చేతులతో బండలు పట్టుకుని ఎక్కాలి, చిన్నవాళ్ళతో ఆ ప్రయత్నం వద్దు. ఫోన్ సిగ్నల్ మీద ఆశ పెట్టుకోకండి, మ్యాపు ముందే డౌన్‌లోడ్ చేసుకుని వెళ్ళండి.

ఫ్రీ ఫారెస్ట్ సైటు గురించి రెండు ముక్కలు చాలు. ఒకటికి రెండుసార్లు క్యాంపింగ్‌కి వెళ్ళొచ్చి, సామాను తమదే ఉండి, కారు కాస్త ఎత్తుగా ఉన్నవాళ్ళకి అది బాగుంటుంది. టాయ్‌లెట్ లేని చోట నీటికీ టెంట్లకీ 100 మీటర్ల దూరంలో 15 సెంటీమీటర్ల లోతు గుంట తవ్వుకుని పూడ్చాలి. మొదటిసారి వెళ్ళే కుటుంబానికి ఇది వద్దనే చెప్తాను. శుక్రవారం చీకట్లో చేరేసరికి మంచి చోట్లన్నీ నిండిపోయి ఉంటే, వెనక సీట్లో నిద్రపోతున్న పిల్లలతో ఇంకో చోటు వెతుక్కోవాలి.

ఇప్పుడు మంట సంగతి. ఏ చోటు ఎంచుకున్నా దీన్ని తేలిగ్గా తీసుకోవద్దని మనస్ఫూర్తిగా అడుగుతున్నాను. 2009 ఫిబ్రవరి 7న విక్టోరియాలో 173 మంది ప్రాణాలు తీసిన కార్చిచ్చుల్లో ఈ మేరీస్‌విల్ ఊరు దాదాపు మొత్తం కాలిపోయింది. ఇప్పుడు మనం కాఫీ తాగే వీధి ఆ తర్వాత మళ్ళీ కట్టుకున్నది. బయల్దేరే ముందు రోజు, బయల్దేరే రోజు పొద్దున విక్ ఎమర్జెన్సీ యాప్‌లో ఆ జిల్లాకి ఇచ్చిన కార్చిచ్చు ప్రమాద రేటింగ్ చూడండి. అన్నిటికన్నా పై స్థాయి అయిన కేటస్ట్రాఫిక్ అని ఉంటే అడవి వైపు వెళ్ళనే వద్దు, బుకింగ్ డబ్బులు పోయినా సరే. టోటల్ ఫైర్ బ్యాన్ ప్రకటించిన రోజు క్యాంప్ ఫైర్ పెట్టకూడదు, కాబట్టి పొయ్యి వెలిగించకుండా తినగలిగేవి ఒక పూటకైనా దగ్గరుంచుకోండి. పులిహోర, పెరుగన్నం, చపాతీలు ఇలాంటప్పుడే ఆదుకుంటాయి. మామూలు రోజుల్లో కట్టిన పొయ్యిలోనే మంట వేయాలి, చుట్టూ 3 మీటర్ల మేర ఎండుటాకులు తీసేయాలి, వదిలి నడకకి వెళ్ళకూడదు. ఆర్పేటప్పుడు మట్టి కప్పి వచ్చేయడం మనవాళ్ళలో చాలామందికి అలవాటు. మట్టి కింద నిప్పు గంటల తరబడి రగులుతూనే ఉంటుంది. నీళ్ళు పోసి, కర్రతో కలిపి, మళ్ళీ పోసి, చెయ్యి పెట్టి చూస్తే చల్లగా తగలాలి. పైన చెప్పిన 10 లీటర్లు ఇందుకే. తాగే నీళ్ళు అయిపోతున్నాయని ఈ వాటాలోంచి తీయకండి.

కేబిన్, గ్లాంపింగ్ (అన్నీ అమర్చి ఉంచిన టెంట్లు) అంటారా, అవి బాగానే ఉంటాయి. మంచం, దుప్పటి అన్నీ వాళ్ళవే. ఆ రేటుకి హోటల్ గది కూడా వస్తుంది, క్యాంపింగ్ కోసమే వెళ్తున్నవాళ్ళకి నేను చెప్పను. పశ్చిమం వైపు ఉండి ఇంత దూరం వద్దనుకునేవాళ్ళకి సిటీకి సుమారు 80 కిలోమీటర్ల దూరంలోని బ్రిస్బేన్ రేంజెస్ నేషనల్ పార్కులో బోర్ గల్లీ ఉంది. అక్కడికీ నీళ్ళు మోసుకెళ్ళే లెక్కే వేసుకోండి.

ఎప్పుడు వెళ్ళాలి అంటే, మార్చి రెండో సోమవారం వచ్చే లేబర్ డే లాంగ్ వీకెండ్‌కి అందరూ ఎగబడతారు. దాన్ని వదిలేసి ఆ తర్వాతి రెండు వారాల్లో ఏదో ఒకటి చూసుకోండి. ఏప్రిల్ మొదటి ఆదివారం గడియారాలు గంట వెనక్కి జరుగుతాయి. ఆ తర్వాత ఆరింటికల్లా పొద్దు గుంకుతుంది, రాత్రుళ్ళు ఆ లోయలో చలి కూడా గట్టిగానే ఉంటుంది. బ్యూటేన్ డబ్బాతో వెలిగే చిన్న స్టవ్ బాగా చల్లగా ఉన్నప్పుడు సరిగ్గా మండదు, పొద్దున్నే టీ పెట్టుకోవాలంటే డబ్బాని రాత్రి టెంటులోపలే, చలి తగలకుండా ఉంచండి. మార్చి మధ్యలో అయితే ఏడున్నర దాకా వెలుతురు ఉంటుంది. శుక్రవారం ఆఫీసు నుంచి మూడింటికి బయటపడి, జెర్రీ క్యాన్లు ముందు రోజు రాత్రే నింపి పెట్టుకుంటే, వెలుతురు ఉండగానే టెంటు నిలబెట్టి పులిహోర డబ్బా తెరవచ్చు.