పాత పుస్తకాలు సేకరించేవాళ్లు రాసిచ్చిన ప్రతి (రచయిత తన చేత్తో రాసి, సంతకం పెట్టి ఎవరికో ఇచ్చిన పుస్తకం) కొనాలా, మామూలు తొలి ముద్రణ సరిపోతుందా?

డికెన్స్ ‘ఎ టేల్ ఆఫ్ టూ సిటీస్’, 1859 నాటి తొలి ముద్రణ, దాన్నే తీసుకుందాం.

ధర: ఆయన స్వయంగా రాసిచ్చిన ప్రతి మామూలు దానికి ఎన్నో రెట్లు. తోటి నవలా రచయిత్రి జార్జ్ ఎలియట్‌కి రాసిచ్చినలాంటిదైతే ఇక ఆశ పెట్టుకోకండి.

శ్రమ: మామూలు ప్రతిలో 213వ పేజీ తీసి చూడండి, అక్కడ పొరపాటున 113 అని పడి ఉంటే ఆ తొలి ముద్రణలోనే ముందుగా బయటికొచ్చిన విడతకు అది పేరున్న గుర్తు, క్షణాల్లో పని. రాసిచ్చిన ప్రతికి మాత్రం సిరా, అక్షరాల తీరు, ఎవరి చేతుల మీదుగా వచ్చిందో అన్నీ తేల్చుకోవాలి, దానికి నెలలు పట్టినా తొందరపడొద్దు.

రిస్క్: రాసిచ్చిన ప్రతికి దొంగ సంతకం, లేదా పాత ఉత్తరంలోంచి కత్తిరించి అంటించిన సంతకం. మామూలు ప్రతికి మార్చిన బైండింగ్, పోయిన బొమ్మల పేజీలు.

మొదటిసారి కొనేవాళ్లు మామూలు ప్రతే తీసుకోండి. ఒకే రచయిత మీద ప్రాణం పెట్టుకుని, డబ్బూ ఓపికా రెండూ ఉన్నవాళ్లు రాసిచ్చిన ప్రతి కోసం ఆగండి.