లోపలికి దూకే అధికారా, బయట నిలబడే అధికారా: ఏది మేలు?

మంటల్లోకి ముందుగా దూకే అగ్నిమాపక అధికారిని జనం మెచ్చుకుంటారు. గేటు దగ్గర వైర్‌లెస్ సెట్ పట్టుకుని నిలబడ్డవాణ్ణి చూసి "ఈయన చేస్తున్నదేంటి?" అంటారు. జిల్లా అగ్నిమాపక అధికారి, ఆపై స్థాయిలో నాకైతే ఆ నిలబడ్డ మనిషే కావాలి.

2023 మార్చి 16 రాత్రి సికింద్రాబాద్ స్వప్నలోక్ కాంప్లెక్స్‌లో ఆరుగురు యువతీయువకులను బలిగొన్నది పొగ. అలాంటి చోట ఎవరు ఏ అంతస్తులో చిక్కుకున్నారు, పొగ ఏ మెట్లవైపు తిరుగుతోంది, నిచ్చెన ఏ కిటికీకి వేయాలి, కరెంటు తీశారా లేదా అన్నీ ఒకేసారి చూడాలి. లోపలికి వెళ్లినవాడికి తన చెయ్యే తనకు కనపడదు. పైగా వీపున ఉండే గాలి సిలిండర్ సుమారు అరగంటే వస్తుంది, బరువు పనిలో అంతకూడా రాదు. ఎవరు ఎప్పుడు లోపలికి వెళ్లారో బయట ఒకరు లెక్క పెడుతూ ఉండాలి. పెద్ద అధికారే లోపల ఉంటే ఆ లెక్క తప్పకుండా చూసేదెవరు?

అదే ఏడాది జనవరి 19న సికింద్రాబాద్ డెక్కన్ మాల్ తగలబడినప్పుడు ముగ్గురు కార్మికులు లోపల ఉండిపోయారు. వేడి, దట్టమైన పొగ ఎవర్నీ దగ్గరికి రానివ్వలేదు. బయట అయినవాళ్లు ఏడుస్తుంటే అధికారి తన మనుషులతో "ఇప్పుడు వెళ్లొద్దు" అనాలంటే ఎంత గుండె నిబ్బరం కావాలి! నా దృష్టిలో దూకడం కన్నా అదే కష్టం.

అలాగని ఎప్పుడూ పొగ మింగనివాడు ఆ మాట అంటే సిబ్బంది నమ్మరు. అందుకే స్టేషన్ ఫైర్ ఆఫీసర్‌గా ఉన్నన్నాళ్లు లోపలికి వెళ్లాల్సిందే. ఫైర్‌మన్ నుంచి ఎదిగినవారికి ఆ అనుభవం ఎలాగూ ఉంటుంది. డిగ్రీతో నేరుగా చేరినవారు పట్టుబట్టి సంపాదించుకోవాలి. ఎలా వచ్చినా, లోపలున్న ఫైర్‌మన్ వైర్‌లెస్‌లో "సార్, స్లాబు పగులుతోంది" అనగానే అప్పటిదాకా వేసిన ప్లాన్ పక్కన పెట్టగలగాలి.

మంట లేని రోజుల్లో కూడా దూకేవాడికీ నిలబడేవాడికీ ఉన్న తేడా తెలుస్తుంది. 2022 సెప్టెంబర్ 12న సికింద్రాబాద్‌లోనే కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూంలో నిప్పు పుట్టి, పొగ పై లాడ్జిలోకి ఎక్కి ఎనిమిది మంది పోయారు. ఆ రాత్రి ఎంత సాహసవంతుడు వచ్చినా ఆలస్యమే. తనిఖీకి వెళ్లినప్పుడు, ఎవరు ఫోన్ చేయించినా సరే, "రెండో మెట్ల దారి లేదు, అనుమతి కుదరదు" అని రాసి సంతకం పెట్టేవాడు కావాలి.