మూడేళ్లుగా మా ల్యాబ్‌లో ఉన్న బ్లడ్ కల్చర్ యంత్రం: కొనాలనుకునేవారికి

హనుమకొండలోని ఒక ప్రైవేటు ఆసుపత్రి మైక్రోబయాలజీ ల్యాబ్‌లో నేను పదకొండేళ్లుగా పనిచేస్తున్నాను. మూడేళ్ల క్రితం మా యాజమాన్యం 60 సీసాలు పట్టే ఆటోమేటెడ్ బ్లడ్ కల్చర్ యంత్రాన్ని తెప్పించింది. రోగి రక్తాన్ని పోషక ద్రవమున్న సీసాలో కలిపి, అందులో క్రిములు పెరుగుతున్నాయేమో చూసే పరీక్షే బ్లడ్ కల్చర్; ఆ సీసాలను కనిపెట్టుకుని ఉండే పని ఈ యంత్రానిది. జనగామ, ములుగు, భూపాలపల్లి వైపు ఆసుపత్రుల్లో పనిచేసే మిత్రులు “ఇది మాకు అక్కరకొస్తుందా?” అని తరచుగా అడుగుతున్నందువల్ల, ఒక్కొక్కరికీ ఫోనులో చెప్పే బదులు నా అనుభవమంతా ఒకచోట రాస్తున్నాను. కంపెనీ పేరు రాయడం లేదు. లోపాలు కూడా చెప్పబోతున్నాను కనుక అదే మర్యాద. పైగా ఇక్కడ చెప్పే విషయాల్లో ఎక్కువ భాగం ఏ కంపెనీ యంత్రానికైనా వర్తిస్తాయి.

ముందు పాత పద్ధతి గురించి రెండు మాటలు చెప్పాలి, లేకపోతే ఈ యంత్రం విలువ తెలియదు. బ్రెయిన్ హార్ట్ ఇన్‌ఫ్యూజన్ అనే పోషక ద్రవాన్ని మేమే తయారు చేసి, సీసాల్లో నింపి, ఆటోక్లేవ్ చేసి (ఆవిరితో క్రిమిరహితం చేసి) వార్డులకు పంపేవాళ్లం. రక్తం చేరిన సీసాను ఇంక్యుబేటర్‌లో పెట్టి, రోజూ ఉదయం వెలుతురుకు ఎత్తి పట్టుకుని ద్రవం మసకబారిందా, గ్యాసు బుడగలు వచ్చాయా అని చూసేవాళ్లం. ఏమీ కనిపించకపోయినా మొదటి రోజు, మూడో రోజు, ఏడో రోజు క్రిములు పెరిగే బ్లడ్ అగార్, మెకాంకీ అగార్ పళ్లేల మీద గీసి చూడాల్సిందే. మూత తీసిన ప్రతిసారీ బయటి క్రిమి లోపలికి పోయే అవకాశం ఉండేది. శనివారం సాయంత్రం పెరగడం మొదలైన టైఫాయిడ్ క్రిమి సోమవారం ఉదయం దాకా ఎవరి కంటా పడని సందర్భాలు నాకు బాగా గుర్తు.

ఇప్పటి సీసా అడుగున ఒక చిన్న బిళ్ల ఉంటుంది. క్రిములు పెరిగేకొద్దీ వదిలే కార్బన్ డయాక్సైడ్ ఆ బిళ్లలోకి చేరి, ముదురు ఆకుపచ్చగా ఉన్న దాని రంగును మెల్లగా పసుపుకు మారుస్తుంది. యంత్రం 10 నిమిషాలకొకసారి ఆ రంగును కొలిచి, మార్పు వేగం పెరిగితే మోగుతుంది. ఈ. కోలై వంటివి సాధారణంగా ఒక్క రోజులోపే దొరుకుతాయి, అసలైన పాజిటివ్‌లలో ఎక్కువ భాగం 48 గంటల్లోపు తేలిపోతాయి, 5 రోజులు నిండితే సీసాను నెగెటివ్‌గా బయటికి తీస్తాం. రోగి అప్పటికే యాంటీబయాటిక్ వాడి ఉంటే దాన్ని పీల్చుకునే రెసిన్ పూసలు కొన్ని రకాల సీసాల్లో ఉంటాయి. ఆర్‌ఎంపీ దగ్గర రెండు ఇంజెక్షన్లు పడ్డాకే మా దాకా వచ్చే రోగులు ఎక్కువైన ఈ ప్రాంతంలో అలాంటి సీసాలే తీసుకోవడం మేలని నా అభిప్రాయం. వాటి ధర కొంత ఎక్కువే.

అమ్మకానికి వచ్చినవారు గట్టిగా చెప్పని విషయం ఒకటుంది. సీసాలో పడిన రక్తం ఎంతో, యంత్రం పనితనం అంతే. పెద్దవారి రక్తంలో చాలాసార్లు ఒక మిల్లీలీటరుకు ఒక్క క్రిమి కూడా ఉండదు. అందుకే ఒక్కో సీసాకు 8 నుంచి 10 మిల్లీలీటర్లు, అదీ రెండు వేర్వేరు చోట్ల నుంచి తీయాలి. యంత్రం వచ్చిన మొదటి నెలలో అనుమానం వచ్చి, ఖాళీ సీసా బరువు ముందే రాసిపెట్టుకుని, వార్డుల నుంచి వచ్చిన ప్రతి సీసానూ తూకం వేశాను. ఒక మిల్లీలీటరు రక్తం ఒక గ్రాము కంటే కాస్త ఎక్కువ తూగుతుంది కాబట్టి లెక్క తేలికే. 5 మిల్లీలీటర్ల సిరంజితో తీసి, అందులో కొంత సీబీపీ (రక్తకణాల లెక్క) ట్యూబులో పోసి, మిగిలినదే మాకు పంపుతున్నారని అప్పుడు తెలిసింది. సీసాలో 3 మిల్లీలీటర్లు ఉంటే గొప్ప. స్టాఫ్ నర్సులను తప్పుపట్టి లాభం లేదు, ఎవరూ వారికి చెప్పలేదు. సీసా లేబులు మీద 10 మిల్లీలీటర్ల దగ్గర స్కెచ్ పెన్నుతో గీత గీసి పంపడం మొదలుపెట్టాక పరిస్థితి మారింది. యంత్రం కొన్నా ఈ గీత గీయని ఆసుపత్రి డబ్బు దండగ చేసుకుంటున్నట్లే.

రెండో పాఠం ఇంకా ఖరీదైనది. ఒక రోజు ఉదయం నేను డ్యూటీకి వచ్చేసరికి, ముందురోజు సాయంత్రం తీసిన సీసా వార్డులోనే రాత్రంతా ఉండిపోయి అప్పుడే ల్యాబ్‌కు చేరింది. మా కుర్రాడు బార్‌కోడ్ స్కాన్ చేసి యంత్రంలో పెట్టేశాడు. యంత్రం రెండు రోజులు మౌనంగా ఉంది. రోగికి జ్వరం తగ్గడం లేదని డాక్టర్‌గారు ఫోన్ చేస్తే, సీసాను బయటికి తీసి తిరగేసి చూశాను. బిళ్ల నిమ్మపండులా పసుపుపచ్చగా ఉంది. వార్డులో ఉన్నప్పుడే క్రిమి పూర్తిగా పెరిగిపోయింది. ఆ రంగునే మొదటి కొలతగా తీసుకున్న యంత్రానికి ఆ తర్వాత మార్పేమీ కనిపించలేదు, అందుకే మోగలేదు. స్మియర్ వేస్తే (చుక్కను గాజుపలక మీద పూసి, రంగు వేసి మైక్రోస్కోప్‌లో చూస్తే) గ్రామ్ నెగెటివ్ రకం కడ్డీల్లాంటి క్రిములు నిండుగా ఉన్నాయి, మర్నాటికి అది క్లెబ్సియెల్లా అనే క్రిమి అని తేలింది. ఆ రెండు రోజులు పోయినట్లే. ఇప్పుడు ఏ సీసా వచ్చినా ముందు తిరగేసి అడుగు చూడాలి, పసుపు కనిపిస్తే యంత్రం జోలికి పోకుండా నేరుగా స్మియర్ వేయాలి అని గోడ మీద రాసి పెట్టాం. రాత్రిపూట వార్డులో సీసాను ఫ్రిజ్‌లో పెట్టే అలవాటు కూడా మాన్పించాల్సి వచ్చింది.

యంత్రం మోగితే పని అయిపోయిందని యాజమాన్యాలు అనుకుంటాయి. అసలు పని అప్పుడే మొదలవుతుంది. బయోసేఫ్టీ క్యాబినెట్‌లో సీసా నుంచి చుక్క తీసి, గ్రామ్ స్టెయిన్ చేసి, ఏం కనిపించిందో మా ఎండీ మేడమ్‌కు (ల్యాబ్ మైక్రోబయాలజీ డాక్టర్‌కు) చూపించి, “సిస్టర్, ఐసీయూ మూడో బెడ్ కల్చర్ పాజిటివ్ వచ్చింది, డ్యూటీ డాక్టర్‌గారికి ఫోనివ్వండి” అని చెప్పి, విన్నది తిరిగి చదివించుకుని, సమయంతో సహా రిజిస్టర్‌లో రాసేదాకా రోగికి ఒరిగేదేమీ లేదు. రాత్రి పన్నెండుకు మోగిన సీసాను ఉదయం తొమ్మిదికి చూసే ల్యాబ్‌కు ఈ యంత్రం అనవసరం. పైగా మోగినదంతా జబ్బు కాదు. రెండు సీసాల్లో ఒకదానిలోనే, అదీ ఆలస్యంగా, కోయాగ్యులేజ్ నెగెటివ్ స్టాఫైలోకాకస్ వస్తే అది చాలావరకు చర్మం మీది క్రిమే. ల్యుకేమియా (రక్త క్యాన్సర్) రోగి రక్తంలో తెల్లకణాలు విపరీతంగా ఉంటే, క్రిమి లేకుండానే అవి వదిలే గ్యాసుకు యంత్రం మోగుతుంది.

మాది వరిపొలాల ప్రాంతం కాబట్టి ఇంకో సంగతి విడిగా చెప్పాలి. ఒక వానాకాలంలో పరకాల వైపు నుంచి, షుగర్ ఉన్న రైతు ఒకరు రెండు వారాల జ్వరంతో వచ్చారు. సీసా రెండో రోజు మోగింది. స్మియర్‌లో కడ్డీలకు రెండు చివర్లే రంగు పట్టి, మధ్యలో ఖాళీగా, పిన్నీసుల్లా కనిపించాయి. క్రిమిని గుర్తించే మరో యంత్రం దాన్ని బర్ఖోల్డేరియా సెపేషియా అనే క్రిమిగా చెప్పింది. యాంటీబయాటిక్‌లలో జెంటామైసిన్‌కు, కొలిస్టిన్‌కు లొంగకుండా ఆమాక్సిసిలిన్-క్లావులనేట్‌కు లొంగడం, మూడో రోజుకు కాలనీలు ఎండిన వడియాల్లా ముడతలు పడడం చూసి, మేడమ్ ఆ పేరును ఒప్పుకోలేదు. అది బర్ఖోల్డేరియా సూడోమల్లై, అంటే జబ్బు మెలియాయిడోసిస్. 1912లో రంగూన్‌లో విట్‌మోర్ వర్ణించిన ఈ జబ్బు క్రిమి తడినేలలో, బురదనీటిలో ఉంటుంది. సెఫ్టాజిడైమ్ గానీ మెరోపెనెమ్ గానీ కనీసం రెండు వారాలు సూది ద్వారా ఇచ్చి, తర్వాత కో-ట్రైమాక్సజోల్ నెలల తరబడి వాడాలి. సీసా త్వరగా మోగడం వల్ల ఆ రోగికి మేలు జరిగిందన్నది నిజం. పేరు మాత్రం యంత్రాల వల్ల కాక మనుషుల వల్లే తేలింది.

ఇక లోపాలు. కరెంటు కోతకు ఈ యంత్రం ఏమాత్రం ఓర్చుకోదు. మే నెలలో బయట 44, 45 డిగ్రీలు ఉన్న ఒక మధ్యాహ్నం కరెంటు పోయి, జనరేటర్ అందుకునేలోగా యూపీఎస్ కూడా చేతులెత్తేసింది. మళ్లీ వెలిగాక ఒక వరుసలోని గడులు కొలతలు తప్పుగా చూపించాయి. హైదరాబాద్ నుంచి ఇంజనీర్ మూడో రోజు వచ్చి కాలిబ్రేషన్ చేసేదాకా (కొలతలు సరిచేసేదాకా) ఆ వరుస ఖాళీగానే ఉంది. యంత్రానికి విడిగా మంచి యూపీఎస్ పెట్టండి, దాని బ్యాటరీల వయసు రాసుకోండి. సీసాలను వేడెక్కని గదిలో ఉంచాలి కాబట్టి స్టోర్ రూమ్‌కు ఏసీ ఖర్చు కూడా లెక్కలో వేసుకోండి. అలారం శబ్దం మరీ చిన్నది, పక్క గదికి వినిపించదు. పేషెంట్ స్టిక్కర్‌ను సీసా బార్‌కోడ్ మీదే అంటించే వార్డు ప్రతి ఆసుపత్రిలోనూ ఒకటి ఉంటుంది, దానికి మాత్రం కంపెనీని అనలేం.

డబ్బు సంగతి కూడా చెప్పాలి. యంత్రాన్ని మేము కొనలేదు, ఉచితంగా పెట్టారు; నెలకు ఇన్ని సీసాలు వారి దగ్గరే కొంటామని రాసిచ్చాం. వానాకాలంలో ఆ లెక్క సులభంగా దాటుతాం. వేసవిలో దాటక, కొన్న సీసాలు మిగిలి గడువు తీరిపోతాయి. రోజుకు మూడు నాలుగు కల్చర్లు కూడా రాని ఆసుపత్రి ఇలాంటి ఒప్పందం మీద సంతకం చేయకపోవడమే మంచిది. అంతకు మించి వస్తూ, రాత్రి డ్యూటీకి మైక్రోబయాలజీ తెలిసిన మనిషిని ఉంచగలిగితే మాత్రం వెనుకాడనక్కర్లేదు.

మా ఒప్పందం ఈ ఏడాదితో ముగుస్తుంది. దాన్ని పొడిగించమని మేడమ్, నేను ఇద్దరం యాజమాన్యానికి చెప్పాం. కొత్త కాగితంలో రెండు షరతులు చేర్చమన్నాం: ఇంజనీర్ 24 గంటల్లోపు రావాలి, సీసాలు మాకు చేరే రోజుకు ఇంకా ఆరు నెలల గడువు మిగిలి ఉండాలి. మొదటిదానికి కంపెనీ ఒప్పుకుంది. రెండోదానికి ఇంకా జవాబు రాలేదు.