పాము షాట్: కొన్న తూటా మేలా, చేత్తో నింపిందా, .410 రివాల్వరా?

టెక్సస్, అరిజోనా పల్లెపట్టుల్లో నాలుగెకరాలున్న వాళ్ళు కంచె పనికి వెళ్తూనో, ఎండుగడ్డి కట్టలు కదుపుతూనో నడుముకు రివాల్వర్ తగిలించుకోవడం మామూలే. అందులో ఒకటి రెండు అరల్లో గుండుకు బదులు సీసపు పెల్లెట్లు నింపిన తూటాలుంటాయి. వాటినే పాము షాట్ అంటారు. గిలక పాము, కాపర్‌హెడ్ అనే విషసర్పం, కొట్టంలో ఎలుక వీటికోసమే. అక్కడ స్థిరపడి ఇలాంటి భూములు కొన్న మనవాళ్ళకు ఎదురయ్యే ప్రశ్న ఒకటే: డబ్బా కొనుక్కోవాలా, ఇంట్లో నింపుకోవాలా, లేక .410 షెల్ (చిన్న షాట్‌గన్ తూటా) పట్టే రివాల్వరే కొనాలా?

ఇక్కడ చాలామంది బలం చూస్తారు. చూడాల్సింది దూరం. ఎందుకో ముందు లెక్క వేద్దాం.

తొమ్మిదో నంబరు పెల్లెట్ వ్యాసం 0.08 అంగుళం. ఔన్సుకు సుమారు 585 వస్తాయి. తూటాలు చేసే సీసీఐ కంపెనీ వారి .38/.357 కొలత పాము షాట్‌లో 100 గ్రెయిన్ల షాట్, అంటే పెల్లెట్లు, ఉంటుంది. ఔన్సంటే 437.5 గ్రెయిన్లు కాబట్టి దాదాపు 134 పెల్లెట్లు. పాము తల పైనుంచి చూస్తే మూడు చదరపు అంగుళాలనుకుందాం. ఈ 134 పది అంగుళాల వలయంలో సమంగా పడితే తలకు ఐదు తగులుతాయి. వలయం ఇరవై అంగుళాలకు విచ్చుకుంటే ఒకటి, మహా అయితే రెండు. వలయం రెట్టింపైతే దెబ్బ నాలుగో వంతుకు పడిపోతుందన్నమాట.

వలయం అంత త్వరగా విచ్చుకోవడానికి కారణం రివాల్వర్ గొట్టం లోపల మెలితిరిగి ఉండే గాళ్ళు, అంటే సన్నటి గాడులు. గుండును తిన్నగా పంపడానికి పెట్టిన మెలిక పెల్లెట్ల గుంపును కూడా గిరగిరా తిప్పుతుంది. గొట్టం దాటగానే అవి పక్కలకు చెదురుతాయి, ఒక్కోసారి నడుమ ఖాళీ మిగిలి గారెలా పడతాయి. గాళ్ళు లేని నున్నటి గొట్టం ఉంటే ఈ బెడద ఉండదు కదా అనిపిస్తుంది. కానీ షాట్ షెల్ కాల్చేందుకు చేసిన నున్నటి గొట్టపు చేతి తుపాకీ 1934 నాటి నేషనల్ ఫైర్‌ఆర్మ్స్ యాక్ట్ కిందికి వస్తుంది. ముందుగా రిజిస్టర్ చేయకుండా గాళ్ళు చెరిపించడం నేరం. అందుకే మూడు దారులూ ఈ మెలికతోనే వేగాలి. పనికొచ్చే దూరం మూడింటికీ పది అడుగుల లోపే.

కొన్న తూటా

సీసీఐ డబ్బాలో (.22 కాకుండా) పది తూటాలుంటాయి. నీలం ప్లాస్టిక్ క్యాప్సూల్‌లో షాట్ ఉంటుంది, కాల్చగానే క్యాప్సూల్ పగులుతుంది. .38/.357లో 100 గ్రెయిన్లు, .44లో 140, .45 కోల్ట్‌లో 150. ఇవి మూడూ తొమ్మిదో నంబరు షాట్, వేగం సెకనుకు వెయ్యి అడుగుల లెక్కన. .22 లాంగ్ రైఫిల్‌లో 31 గ్రెయిన్ల పన్నెండో నంబరు, అంటే ఇంకా సన్నటి, షాట్ ఉంటుంది. ఆ రజను కొట్టంలో నాలుగడుగుల దూరాన ఎలుకకు చాలు, బలిసిన గిలక పాముకు చాలదు. .22 రిమ్‌ఫైర్, అంటే అడుగు అంచులోనే పేలుడు మందున్న తూటా, కాబట్టి ఇంట్లో మళ్ళీ నింపడం మామూలుగా కుదరదు, కొనడమే మేలు.

దీని మేలు ఒకటే, నమ్మకం. మందు సరిగ్గా ఉంటుంది, తేమ పట్టదు, ఏళ్ళు దాచినా పేలుతుంది. కీడు ధర. ఒక్కో తూటాకు రెండు డాలర్లు అటూ ఇటూ పడుతుంది. అయినా ఏడాదికి ఎన్ని కాలుస్తారు? పది తూటాల డబ్బా చాలామందికి రెండు మూడు సీజన్లు వస్తుంది.

ఒక చిక్కుంది. పక్క అరలోని అసలు గుండు తూటాలు కాల్చినప్పుడు వచ్చే ఎదురుదెబ్బకు క్యాప్సూల్ మొన చిట్లవచ్చు. పెల్లెట్లు జారి సిలిండర్ ముందున్న సందులో పడితే సిలిండర్ తిరగకుండా పట్టేస్తుంది. తేలికపాటి .357, .44 మ్యాగ్నంలలో ఇది ఎక్కువ. గుండ్లు కాల్చిన ప్రతిసారీ షాట్ తూటాల మొనలు చూసుకోవాలి.

చేత్తో నింపింది

ఇందులోనే రెండు పద్ధతులున్నాయి, రెండింటి గుణాలూ వేరు.

మొదటిది ఖాళీ క్యాప్సూల్ కొని నింపడం. స్పియర్ వారివి .38కీ .44కీ వచ్చాయి, అన్ని చోట్లా ఎప్పుడూ దొరకవు. క్యాప్సూల్‌ను షాట్‌తో నింపి, వేలితో తట్టి సర్దుకోనివ్వాలి. లోపల గలగల వినిపిస్తే ఖాళీ ఉన్నట్టు. అలాంటిది కేసులో, అంటే తూటా ఇత్తడి తొడుగులో, దించేటప్పుడు నలిగిపోతుంది. అడుగు బిళ్ళ సమంగా కూర్చున్నాక కేసులో దించాలి. కేసు నోరు కొంచెం విప్పి ఉంచకపోతే అంచు ప్లాస్టిక్‌ను చెక్కేస్తుంది. చివర్లో క్రింప్ (కేసు నోటిని లోపలికి నొక్కడం) పట్టీ పట్టనట్టు, క్యాప్సూల్ కదలకుండా ఉండేంతవరకే. గుండుకు వేసినంత గట్టిగా వేస్తే అక్కడే పగులుతుంది.

రెండోది క్యాప్సూల్ లేకుండా. మందు మీద అట్టబిళ్ళో గ్యాస్ చెక్ అనే చిన్న రాగి చిప్పో, దానిమీద షాట్, పైన మరో బిళ్ళ, ఆపైన క్రింప్. దీనికి .38 స్పెషల్ కేసు కన్నా .357 మ్యాగ్నం కేసు నయం. పొడవు 1.155కు బదులు 1.290 అంగుళం, ఆ 0.135 అంగుళంలో బిళ్ళల మందానికి చోటు దొరుకుతుంది. అయితే అది .357 రివాల్వర్‌లోకే పోతుంది, .38లోకి పోదు. బిళ్ళలకు పాల డబ్బా అట్ట బాగా పనిచేస్తుంది, ప్లాస్టిక్ పూత ఉంటుంది కనుక మందుకు తేమ తగలదు. బిళ్ళలు కోసే పంచ్ కేసు లోపలి వ్యాసం కన్నా వెంట్రుకవాసి పెద్దదై ఉండాలి, బిళ్ళ బిగుతుగా దిగాలి. అడుగు బిళ్ళ వదులైతే పెల్లెట్లు సందులోంచి మందులోకి జారతాయి. అలాంటి తూటా సగం కాలుతుంది.

ఈ పద్ధతిలో దెబ్బతినేది ఎక్కువగా పైబిళ్ళ దగ్గరే. ఎదురుదెబ్బకు బిళ్ళ ముందుకు జరుగుతుంది, షాట్ ఒలుకుతుంది, సిలిండర్ పట్టేస్తుంది. క్రింప్ అంచు చుట్టూ గోళ్ళరంగు ఒక పూత పూసి ఆరనిస్తే చాలా వరకు ఆగుతుంది. రాగి చిప్ప వాడితే ఇంకో మాట: అది బిళ్ళలా ఆగిపోదు, చిన్న గుండులా దూసుకెళ్తుంది. ఏడెనిమిది అడుగుల్లో అట్టకు చిల్లు పెట్టి అవతలికి పోతుంది. గోడ పక్కన కాల్చేవాళ్ళు అట్టబిళ్ళతోనే ఆగడం మంచిది.

మందు విషయానికొస్తే, త్వరగా కాలే పిస్టల్ మందే కావాలి. పెల్లెట్ల గుంపుకు గుండంత బిగింపు ఉండదు. నిదానంగా కాలే మందుకు ఒత్తిడి చాలక పలుకులు పలుకులుగా కాలకుండానే గొట్టంలో మిగులుతుంది. ఎన్ని గ్రెయిన్లన్నది మందు తయారీదారు మాన్యువల్‌లో షాట్ లోడుకు అచ్చేసిన అంకె ప్రకారమే. గుండు లెక్కను చూసి ఊహించడం, ఇంకొకరి కాగితంలోది ఎత్తుకోవడం వద్దు. తక్కువ వేస్తే అడుగు బిళ్ళ గొట్టంలోనే ఇరుక్కుంటుంది. చప్పుడు పేలవంగా వస్తే ఆగి, తుపాకీ ఖాళీ చేసి, గొట్టంలోంచి వెలుతురు కనబడుతోందో లేదో చూడాలి. చూడకుండా తరువాతిది కాలిస్తే గొట్టం ఉబ్బుతుంది. ఎక్కువ వేస్తే ఇంకా ప్రమాదం. త్వరగా కాలే మందు కేసులో అడుగున చిటికెడే ఉంటుంది, రెండుసార్లు పడినా పొంగదు, కంటికి తెలియదు. అందుకే బిళ్ళలు పెట్టేముందు కేసులన్నీ చెక్క పలకలో నిలబెట్టి టార్చితో ఒక్కొక్కటీ చూడాలి. షాట్ కొలిచే చెంచాను కూడా ఒకసారి త్రాసు మీద సరిచూసుకోవాలి.

ఇంత శ్రమకు ఫలం ఏమిటంటే, మీ రివాల్వర్‌కు తగినట్టు వేగం తగ్గించుకోవచ్చు. మాన్యువల్‌లో ఇచ్చిన పరిధిలో కింది అంచు దగ్గరున్న లోడు సాధారణంగా తక్కువ విచ్చుకుంటుంది. కొన్న తూటాలో ఆ వీలు లేదు. అయితే అట్ట మీద కాల్చి చూడనివాళ్ళకు ఈ ఫలం దక్కదు. ఆరు, పది, పదిహేను అడుగుల దగ్గర పెద్ద అట్టలు నిలబెట్టి, ఒక్కోదాని మీద మూడు చదరపు అంగుళాల గడి గీసి, అందులో ఎన్ని పడ్డాయో లెక్కపెట్టాలి. నాలుగుకు తగ్గిన దూరమే మీ హద్దు. పదిహేను అడుగుల అట్ట చూశాక చాలామంది ఆ దూరాన్ని మరిచిపోతారు.

డబ్బు మిగలడానికి నింపుకుంటానంటే మాత్రం ఆలోచించండి. తూటాలు నింపే పనిముట్లు, అంటే ప్రెస్, డైలు, త్రాసు, ముందే ఉన్నవాళ్ళకే అది నిజం. పాము షాట్ కోసమే అవన్నీ కొంటే ఆ డబ్బు తిరిగిరాదు.

.410 రివాల్వర్

టారస్ జడ్జ్, స్మిత్ అండ్ వెసన్ గవర్నర్ లాంటివి .45 కోల్ట్ గుండునూ .410 షాట్ షెల్‌నూ రెండింటినీ పడతాయి. రెండున్నర అంగుళాల .410లో అర ఔన్సు షాట్, అంటే తొమ్మిదో నంబరువి 290 పైచిలుకు. .38కు రెట్టింపు. పైన వేసిన లెక్కలో ఇరవై అంగుళాల వలయంలో కూడా తలకు దాదాపు మూడు తగులుతాయి. షాట్ పరిమాణంలో దీనికి పోటీ లేదు. షెల్ కూడా ఏ తుపాకీ దుకాణంలోనైనా దొరుకుతుంది.

ఇక్కడ జరిగే పొరపాటు నాలుగో నంబరు షాట్ కొనడం. పెద్ద పెల్లెట్, గట్టి దెబ్బ అనుకుంటారు. ఔన్సుకు 135 మాత్రమే వస్తాయి, అర ఔన్సులో 67. ఇరవై అంగుళాల వలయంలో తలకు ఒకటి కూడా గ్యారంటీ లేదు. పాముకు తొమ్మిదో నంబరే.

లోపాలు కూడా చిన్నవేం కాదు. పొడవాటి సిలిండర్ వల్ల తుపాకీ బరువు, నడుము మీద రోజంతా మోయడం కష్టం. కాల్చాక ప్లాస్టిక్ షెల్ ఉబ్బి అరలో బిగుసుకుంటుంది, ఒక్క తోపుకు అన్నీ రావు. కాలిఫోర్నియాలో ఇవి పొట్టి గొట్టపు షాట్‌గన్ కిందికి వస్తాయి కాబట్టి అసలు ఉంచుకోకూడదు. చేత్తో నింపే అలవాటున్నవాళ్ళు ప్లాస్టిక్ బదులు .444 మార్లిన్ ఇత్తడి కేసును .410గా వాడటం కూడా ఉంది. అవి సులువుగా బయటికొస్తాయి, చాలాసార్లు పనికొస్తాయి.

ఎవరికి ఏది

ఇంట్లో .38 లేదా .357 ముందే ఉంటే కొన్న డబ్బా ఒకటి చాలు, ఇంకేం వద్దు. .44 ఉన్నవాళ్ళు, రీలోడింగ్ బల్ల ముందే ఉన్నవాళ్ళు క్యాప్సూల్ పద్ధతి చూడొచ్చు. బిళ్ళల పద్ధతి ఓపిక ఉన్న అభిరుచిపరులకే. రివాల్వరే లేక పాముల కోసమే కొంటున్నవాళ్ళకు .410 అర్థవంతం. రివాల్వర్ ఉండి కూడా దానికోసం మరొకటి కొనడం మాత్రం దండగ ఖర్చు.

వీటన్నిటికన్నా ముందు పొడవాటి కర్ర పార, నీళ్ళ పైపు ఉన్నాయి. అమెరికాలో ఏటా ఏడెనిమిది వేలమందిని విషసర్పాలు కాటేస్తాయి, చనిపోయేది సుమారు ఐదుగురే. దారి వదిలితే చాలా పాములు వాటి దారిన పోతాయి. చంపే ముందు రాష్ట్ర చట్టం చూసుకోవాలి: కొన్ని పాములు రక్షిత జాతులు కావచ్చు. ఊరి హద్దుల్లో తుపాకీ పేల్చడమే నేరమైన చోట్లు చాలా ఉన్నాయి. ఆంధ్ర, తెలంగాణల్లో పొలం దగ్గర ఈ ఆలోచన అసలు వద్దు. పాముల్ని చంపడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఒప్పుకోదు, లైసెన్సు లేకుండా తూటాలు నింపడం ఆయుధాల చట్టం ఒప్పుకోదు. అక్కడ పాములు పట్టేవాళ్ళకు ఫోన్ చేయడమే దారి.

కాల్చేటప్పుడు కళ్ళద్దాలు తప్పనిసరి. రాతి మీదో సిమెంటు గచ్చు మీదో పడ్డ పెల్లెట్లు వెనక్కి ఎగురుతాయి. చచ్చిన పాము తల కూడా గంటల తరబడి కరవగలదు, కాబట్టి పారతోనే ఎత్తి గోతిలో పూడ్చాలి.

సిలిండర్‌లో ఏ అర ముందు వస్తుందో తెలిసి నింపండి. కోల్ట్ రివాల్వర్ సిలిండర్ గడియారం ముల్లు దిక్కున తిరుగుతుంది, స్మిత్ అండ్ వెసన్‌ది ఎదురు దిక్కున. షాట్ తూటాలు తప్పు పక్క పెడితే పాము మీదికి మొదట వెళ్ళేది గుండే, అదీ రాతి నేల మీదికి.